కంప్యూటర్ సందేహాలు: ఆటలో ఫ్రేములు ఎప్పుడు పడిపోతున్నాయి?

వేసవి సెలవుల్లో మాకు చేరిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధను వేరువేరు మాటల్లో చెప్పాయి. ఆట ‘స్ట్రక్’ అవుతోందని ఒకరు, ‘ల్యాగ్’ కొడుతోందని మరొకరు, ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేముల (చిత్రాల) సంఖ్య, పడిపోతోందని ఇంకొకరు రాశారు. దాదాపు అందరూ ఏ భాగం మార్చాలో, ఎంత ఖర్చవుతుందో అడిగారు. ఆట ఏ సమయంలో, ఏ పరిస్థితిలో నెమ్మదిస్తోందో మాత్రం కొద్దిమందే రాశారు. నా అనుభవంలో రోగాన్ని పట్టించే ఆధారం ఆ ‘ఎప్పుడు’ అన్న మాటలోనే ఉంటుంది. కాబట్టి ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించి, నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆ వివరం స్పష్టంగా ఉన్నవాటిని ఎంచుకున్నాను.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి. సంక్రాంతి సెలవుల్లో 90 ఫ్రేములకు తగ్గకుండా నడిచిన ఆట, ఏప్రిల్ నుంచి మొదటి 20 నిమిషాలు బాగానే నడిచి తరవాత 45కు, ఒక్కోసారి 40కి పడిపోతోంది. విండోస్ మళ్లీ వేయించాను, డ్రైవర్లు మార్చాను. గ్రాఫిక్స్ కార్డు పాడైందని దుకాణంలో చెబుతున్నారు. నిజమేనా?
— డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: మీరు రాసిన రెండు వివరాలు, అంటే ఏప్రిల్ నుంచి అన్నది, 20 నిమిషాల తరవాత అన్నది, కలిపి చూస్తే కార్డును అనుమానించే ముందు వేడిని అనుమానించాలి. పాడైన కార్డు సాధారణంగా తెర మీద చుక్కలో గీతలో చూపిస్తుంది, లేదా ఆట ఉన్నట్టుండి మూసుకుపోతుంది. చల్లగా ఉన్నంతసేపు చక్కగా పనిచేసి, వేడెక్కిన కొద్దీ క్రమంగా నెమ్మదించడం పాడైన వస్తువు లక్షణం కాదు. తనను తాను కాపాడుకుంటున్న వస్తువు లక్షణం.

ఆట ప్రతి చిత్రాన్నీ అప్పటికప్పుడు గీసి తెరకు పంపుతుంది. సెకనుకు 90 ఫ్రేములు రావాలంటే ఒక్కో చిత్రాన్ని 11 మిల్లీసెకన్లలో పూర్తి చేయాలి. 60 ఫ్రేములకైతే దాదాపు 16.7 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. మీ ఆట 40కి పడిపోయిందంటే ఒక్కో చిత్రానికి 25 మిల్లీసెకన్లు పడుతున్నాయని అర్థం. అదే పనికి అదే యంత్రం రెట్టింపు సమయం తీసుకుంటోందంటే దాని వేగాన్ని ఎవరో తగ్గించి ఉండాలి. ఆ తగ్గించేది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల లోపలే ఉన్న రక్షణ ఏర్పాటు. మీ ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీల సెల్సియస్. ఆర్‌టీఎక్స్ 3060కి ఎన్విడియా చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 93 డిగ్రీలు. ఆ హద్దును తాకగానే చిప్పు కాలిపోకుండా తన వేగాన్ని తానే కోసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు అయితే ఆ హద్దుకు చాలా ముందు నుంచే కొద్దికొద్దిగా వేగం తగ్గిస్తూ వస్తుంది.

సంక్రాంతికి లేని సమస్య ఇప్పుడు ఎందుకు వచ్చిందంటే, చిప్పు మీద బిగించే లోహపు రేకుల దిమ్మె, అంటే హీట్‌సింక్, దేన్నీ సొంతంగా చల్లబరచలేదు. వేడిని గదిలోని గాలికి అప్పగించడం మాత్రమే దాని పని. అందువల్ల గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్పు కూడా దాదాపు అన్ని డిగ్రీలూ వేడెక్కుతుంది. జనవరిలో 27 డిగ్రీలున్న మీ గది మేలో 38 డిగ్రీలయిందనుకుందాం. జనవరిలో 88 దగ్గర ఆగిన ప్రాసెసర్ ఇప్పుడు 99కి చేరుతుంది. మీరు ఏ మార్పూ చేయకపోయినా హద్దు ఇంటికే వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెప్పిన ఎండలో, మధ్యాహ్నం మూడింటికి డాబా కింది గదిలో ఆడే ఆటకూ, జనవరి రాత్రి ఆడిన ఆటకూ పోలిక పెట్టకూడదు.

పైగా ఆ పెట్టె లోపల పుట్టే వేడి తక్కువేమీ కాదు. ఆర్‌టీఎక్స్ 3060 నిండు పనిలో 170 వాట్ల వరకు తీసుకుంటుంది. మీ ప్రాసెసర్ గరిష్ఠ వేగంలో 117 వాట్ల దాకా వెళ్లగలదు. రెండూ కలిస్తే పాతకాలపు 100 వాట్ల బల్బులు దాదాపు మూడింటిని మూసిన పెట్టెలో వెలిగించినట్టే. ఆ పెట్టెను మీరు ఎక్కడ పెట్టారో రాయలేదు. చాలా ఇళ్లలో మెట్ల కింద గూట్లోనో, బల్ల కింద చెక్క అరలోనో, గోడకు ఆనించో పెడతారు. ముందు భాగమంతా అద్దంతో మూసి, లోపల రంగు దీపాల ఫ్యాన్లు పెట్టిన క్యాబినెట్లు చూడటానికి బాగుంటాయి కానీ, గాలి లోపలికి రావడానికి వాటిలో చోటే ఉండదు. నెల్లూరు, ఒంగోలు ఎండలకు అలాంటి క్యాబినెట్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇదంతా ఇప్పటికి అనుమానమే కాబట్టి ముందు కొలవండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, దాన్ని తెరిచి ఉంచి, అరగంట ఆడి, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల గరిష్ఠ ఉష్ణోగ్రతలను రాసుకోండి. అందులోనే థర్మల్ థ్రాట్లింగ్ (వేడి వల్ల వేగం తగ్గించుకోవడం) అన్న వరస ఉంటుంది. దాని ఎదురుగా ‘యెస్’ అని కనబడితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. తరవాత క్యాబినెట్ పక్క తలుపు తీసి, టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా లోపలికి తగిలేలా పెట్టి, అదే ఆటను అదే చోట మళ్లీ అరగంట ఆడండి. ఫ్రేములు పూర్తిగా తిరిగి వస్తే లోపం గాలి రాకపోకల్లో ఉంది. గ్రాఫిక్స్ కార్డు చల్లబడినా ప్రాసెసర్ 100 దగ్గరే ఉండిపోతే, దాని మీది కూలర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా చిప్పు వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయింది. రెండూ చల్లగా ఉండి కూడా ఫ్రేములు పడిపోతుంటే నా అనుమానం తప్పు. అప్పుడు వెనక నడుస్తున్న ప్రోగ్రాములను వెతకాలి. మీరు ఆటను రికార్డు చేస్తుంటే మొదట దాన్ని ఆపి చూడండి.

మా మేనల్లుడి కంప్యూటర్ విషయంలో ఈ పరీక్షే మాకు దారి చూపింది. కొత్త యంత్రమే అయినా ప్రాసెసర్ మాత్రం ఆట మొదలైన రెండు నిమిషాలకే హద్దును తాకేది. టేబుల్ ఫ్యాన్ పెట్టినా మార్పు లేదు. కూలర్ విప్పి చూస్తే దాని అడుగున అంటించి వచ్చే పలుచని ప్లాస్టిక్ పొరను, యంత్రం కూర్చిన దుకాణంలో తీయకుండానే బిగించేశారు. దాన్ని తీసి, చిప్పు మీద బఠాణీ గింజంత పేస్ట్ పెట్టి తిరిగి బిగించాక ఆ బాధ మళ్లీ రాలేదు. అప్పటికే కొత్త ప్రాసెసర్ కొనడానికి ఇంట్లో డబ్బు సిద్ధం చేశారు.

శుభ్రం చేసేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. తీగ పీకి, యంత్రాన్ని వసారాలోకి తెచ్చి, బ్లోయర్‌తో గాలి కొట్టండి; కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే అవి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగులు దెబ్బతింటాయి. తడి గుడ్డ పనికిరాదు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఉప్పు తేమ వల్ల దుమ్ము అట్టలా అంటుకుంటుంది కాబట్టి, హీట్‌సింక్ రేకుల మధ్య మెత్తని కుంచెతో దులిపిన తరవాతే గాలి కొట్టాలి. ముందు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనక ఫ్యాన్ బయటికి తోయాలి. ఫ్యాన్‌కు అడ్డకమ్మీలు ఉన్న వైపు నుంచే గాలి బయటికి వస్తుంది. చాలా యంత్రాల్లో ఈ ఒక్క దిశ తప్పుగా బిగించి ఉండటం నేను చూశాను. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పెట్టండి. వెనక గోడకు కనీసం ఒక జానెడు ఖాళీ వదలండి.

నీళ్ల కూలర్‌ను కంప్యూటర్ వైపు తిప్పి పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. దయచేసి అలా చేయవద్దు. అసలే తేమగా ఉండే కోస్తా గాలిలో ఆ కూలర్ గదిని పెద్దగా చల్లబరచలేదు, పైగా యంత్రం మీదికి తడి గాలిని పంపుతుంది.

ఇంత చేసినా మే నెల మధ్యాహ్నాల్లో ఫ్రేములు కొంత తగ్గవచ్చు. అప్పుడు ఆట సెట్టింగుల్లో గరిష్ఠ ఫ్రేములను 60కో 75కో కట్టేయండి. 90కి ఎగిరి 40కి పడే ఆటకంటే నిలకడగా 60 దగ్గర నిలబడే ఆట కంటికి హాయిగా ఉంటుంది, యంత్రమూ తక్కువ వేడెక్కుతుంది. ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో పవర్ లిమిట్‌ను, అంటే కార్డు తీసుకునే విద్యుత్ హద్దును, 80, 85 శాతానికి తగ్గించినా వేడి బాగా తగ్గి, ఫ్రేములు కొద్దిగా మాత్రమే తగ్గుతాయి. కార్డు పాడైందన్న మాటను మాత్రం, దాన్ని స్నేహితుల కంప్యూటర్‌లో పెట్టి అరగంట ఆడి చూసేవరకు నమ్మకండి.

ప్రశ్న: మా ఇల్లు గ్రానైట్ కటింగ్ యూనిట్ల దగ్గర ఉంటుంది. రెండు నెలలకోసారి దుమ్ము దులిపిస్తున్నా, ఆటలో ఫ్రేములు మళ్లీ తగ్గుతున్నాయి, ఫ్యాన్లు గరగర శబ్దం చేస్తున్నాయి. ఏం చేయాలి?
— చీమకుర్తి పాఠకుడు

జవాబు: బ్లాక్ గెలాక్సీ రాయిని ప్రపంచానికి పంపే మీ ఊళ్లో రాతి పొడి మామూలు ఇంటి దుమ్ములా ఉండదు. అది గట్టిది, మెత్తగా నలిగినది. ఫ్యాన్ బేరింగుల్లోకి చేరి వాటిని అరగదీస్తుంది, హీట్‌సింక్ రేకుల మధ్య తేమతో కలిసి గట్టిపడుతుంది. గరగర శబ్దం చేస్తున్న ఫ్యాన్‌ను శుభ్రం చేసి లాభం లేదు, మార్చేయాలి. దుమ్మును లోపలికి వచ్చాక దులపడం కంటే రాకుండా ఆపడం మీకు ముఖ్యం. గాలి లోపలికి వచ్చే ప్రతి చోటా సన్నని నైలాన్ జాలీ ఫిల్టర్ పెట్టించండి. లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి తోసేవాటికంటే ఎక్కువ ఉండేలా చూడండి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికి పోతుందే తప్ప దుమ్ముతో కూడిన గాలి లోపలికి చొరబడదు. ఆ జాలీలను వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. పూడుకుపోయిన జాలీ అసలు జాలీ లేకపోవడం కంటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది. యంత్రాన్ని నేల మీద కాకుండా బల్ల మీద, వీధి వైపు కిటికీకి దూరంగా ఉంచండి.

ప్రశ్న: నాది రైజెన్ 5 5600జీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, 8 జీబీ ర్యామ్ ఒకటే ఉంది. తెర మూలన ఎఫ్‌పీఎస్ 60 అనే చూపిస్తోంది, కానీ ఆట మాత్రం మొదటి నిమిషం నుంచి కుదుపులతో నడుస్తోంది. అంకె సరిగ్గా ఉంటే కన్ను ఎందుకు ఒప్పుకోవడం లేదు?
— ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: మీ కన్నే నిజం చెబుతోంది. తెర మూలన కనిపించేది సగటు. ఒక సెకనులో 55 ఫ్రేములు ఒక్కొక్కటి 10 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, మిగిలిన 5 ఫ్రేములు ఒక్కొక్కటి 90 మిల్లీసెకన్లు తీసుకున్నాయనుకోండి. 550, 450 కలిపితే సరిగ్గా 1000 మిల్లీసెకన్లు, అంటే ఒక సెకను. మొత్తం ఫ్రేములు 60. అంకెకు ఏ లోపమూ లేదు, కానీ ఆ సెకనులో ఐదు సార్లు ఆట మీ కళ్ల ముందు ఆగింది. అందుకే ఈ విషయం తెలిసినవాళ్లు సగటుతో పాటు ‘1 పర్సెంట్ లో’ అనే అంకెను కూడా చూస్తారు. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన నూటికి ఒక వంతు ఫ్రేములు ఎంత వేగంతో వచ్చాయో అది చెబుతుంది. సగటు 60 ఉండి ఈ అంకె 15 ఉంటే ఆట కుదుపులతోనే నడుస్తుంది. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాం ప్రతి ఫ్రేముకూ పట్టిన సమయాన్ని గీతగా గీసి చూపిస్తుంది. ఆ గీత నున్నగా ఉండాలి, ముళ్లకంచెలా ఉండకూడదు.

మీ యంత్రంలో ఆ ముళ్లకు కారణం ఒంటరి ర్యామ్ అని నేను దాదాపు నమ్మకంగా చెప్పగలను. విడి కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. మీ 5600జీలోని గ్రాఫిక్స్‌కు అది లేదు. బొమ్మలు గీయడానికి కావలసిన సరుకంతా మామూలు ర్యామ్ నుంచే తెచ్చుకోవాలి, అదే దారిలో ప్రాసెసర్ కూడా నడుస్తుంటుంది. డీడీఆర్4-3200 ర్యామ్ ఒకటే ఉంటే సెకనుకు 25.6 జీబీ సమాచారం మాత్రమే ప్రయాణించగలదు; రెండు ఉంటే రెండు దారులు తెరుచుకుని 51.2 జీబీ అవుతుంది. ఒకే పంట కాలువ కింద ఇద్దరు రైతుల పొలాలు ఉన్నప్పుడు మొదటి మడి నిండేదాకా రెండో మడి ఎండక తప్పనట్టే ఇదీ. అదీకాక మీ 8 జీబీలో కొంత గ్రాఫిక్స్‌కే పోతుంది కాబట్టి విండోస్‌కూ ఆటకూ మిగిలేది చాలదు. చాలనప్పుడు డిస్కును ర్యామ్‌లా వాడుకోవడం మొదలవుతుంది, అది మరింత నెమ్మది.

కాబట్టి ఇప్పుడున్నదానికి జోడీగా అదే వేగం, అదే పరిమాణం ఉన్న ఇంకో 8 జీబీ ర్యామ్ వేయండి. వీలైతే జంటగా అమ్మేదే కొనడం మంచిది. మదర్‌బోర్డు మీద నాలుగు గాడులుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో గాడుల్లో పెట్టాలి. పక్కపక్కన పెడితే రెండూ ఒకే దారిలో పడిపోయి ఖర్చు వృథా అవుతుంది. తరవాత బయోస్‌లోకి (విండోస్ మొదలుకాకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా డీఓసీపీ అని ఉన్నదాన్ని ఆన్ చేయండి. అది ఆన్ చేయకపోతే 3200 అని రాసి ఉన్న ర్యామ్ కూడా 2133, 2400, 2666 వంటి తక్కువ వేగంతోనే నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ప్రస్తుత వేగం, ఎన్ని గాడులు నిండాయన్నది కనిపిస్తాయి. చాలామంది ఏళ్ల తరబడి ఆ పేజీ తెరవకుండానే కొత్త కార్డు కోసం డబ్బు కూడబెడుతుంటారు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఆటలు సరిగ్గా నడవడం లేదని వాడి బాబాయి తన పాత గ్రాఫిక్స్ కార్డు ఇచ్చారు. అది పెట్టాక కూడా ఏ మార్పూ లేదంటున్నాడు. ఇప్పుడు 35 వేల రూపాయల కొత్త కార్డు కావాలని పట్టుబడుతున్నాడు. కొనాలా?
— ఒక తల్లి, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: అమ్మా, ఇప్పుడే కొనకండి. కార్డు పెట్టినా ఏ మార్పూ లేకపోవడమే ఇక్కడ ఆధారం. కంప్యూటర్ వెనకవైపు చూడండి. మానిటర్ నుంచి వచ్చే తీగను పెట్టడానికి రెండు చోట్ల ఒకే రకం రంధ్రాలు ఉంటాయి: పైన యూఎస్‌బీ రంధ్రాల పక్కన ఒకటి, కింద అడ్డంగా ఉన్న కార్డు మీద మరొకటి. అలవాటుగా పైదానికి పెట్టేస్తే, కింద కార్డు ఉన్నా ఆట పని ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీదే పడవచ్చు. తీగను కార్డుకు మార్చండి. కార్డుకు విడిగా విద్యుత్ తీగ పెట్టాల్సి ఉంటే అది పెట్టారో లేదో కూడా చూడమనండి.

అప్పటికీ ఆట నడవకపోతే మీ అబ్బాయిని ఒక చిన్న పరీక్ష చేసి చూపించమనండి. ఆటలో రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి తగ్గించి ఫ్రేములు ఎంత పెరిగాయో చూడాలి. బాగా పెరిగితే కార్డు మీదే భారం ఉంది, వాడి కోరికలో న్యాయం ఉంది. ఏమీ పెరగకపోతే ప్రాసెసరో ర్యామో వెనకబడింది. అప్పుడు 35 వేల కార్డు తెచ్చినా అదే ఫ్రేములు వస్తాయి. టాస్క్ మేనేజర్ కూడా ఇదే చెబుతుంది: ఆడుతున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు వాడకం 97, 98 శాతం ఉంటే కార్డు తన శక్తినంతా పెడుతోంది, 50 శాతం దగ్గర ఉంటే ఎవరికోసమో ఎదురుచూస్తోంది. పిల్లవాడు అబద్ధం చెబుతున్నాడని అనుకోకండి. ఆట కుదుపులతో నడుస్తున్నది నిజం, కారణమే వాడికి ఇంకా తెలియదు. ఈ పరీక్ష వాడి చేతే చేయిస్తే, కొనాలో వద్దో మీ ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవచ్చు.

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. నాది గేమింగ్ ల్యాప్‌టాప్. రాత్రి చెరువుల్లో ఏరియేటర్లు వేసినప్పుడల్లా ఇంట్లో లైట్లు ఒక్కసారి మసకబారతాయి, ఇన్వర్టర్ టక్కుమంటుంది, ఆట 100 ఫ్రేముల నుంచి సరిగ్గా 30కి పడి కాసేపటికి మళ్లీ లేస్తుంది. వోల్టేజీ తక్కువైతే ఫ్రేములు తగ్గుతాయా?
— అల్లూరు పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: నేరుగా తగ్గవు. ల్యాప్‌టాప్ అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు ఏ వోల్టేజీనైనా తీసుకుని లోపలికి ఒకే వోల్టేజీ ఇస్తాయి. 230 వోల్టులు రావలసిన చోట 180 వచ్చినా అది ఆట వేగంలో కనిపించకూడదు. మీరు ‘సరిగ్గా 30’ అని రాసిన మాటే ఇక్కడ ముడి విప్పుతోంది. ఎన్విడియా కార్డులున్న ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ బూస్ట్ అనే ఏర్పాటు ఉంటుంది. అడాప్టర్ నుంచి కరెంటు ఆగి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారగానే, బ్యాటరీ ఆదా కోసం అది ఆటను 30 ఫ్రేములకు కట్టేస్తుంది. వేడి వల్ల పడిపోయే ఫ్రేములు 47, 52, 39 అంటూ ఊగుతాయి కానీ ఒకే గుండు అంకె దగ్గర నిలవవు.

జరుగుతున్నది ఇది కావచ్చు. మోటారు మొదలయ్యే క్షణంలో అది మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. చెరువు మీద ఏరియేటర్లన్నీ ఒకేసారి వేస్తే ఆ లైను మీద వోల్టేజీ పడిపోతుంది. మీ ఇన్వర్టర్ దాన్ని కరెంటు పోయినట్టుగా భావించి బ్యాటరీకి మారుతుంది. ఆ మారే సందులో అడాప్టర్ ఆరిపోయి, ల్యాప్‌టాప్ తన బ్యాటరీని అందుకుంటుంది. తెర కింద బ్యాటరీ గుర్తు పక్కన ప్లగ్ బొమ్మ ఆ క్షణంలో మాయమవుతోందేమో గమనించండి. మాయమవుతుంటే, ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని మార్చుకునే మీట ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టండి; అందులో మార్పు త్వరగా జరుగుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులో ప్లగ్ వదులుగా ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి అడాప్టర్‌ను ఒకసారి గోడ సాకెట్‌కే పెట్టి చూడండి. ఏరియేటర్లను ఒక్కొక్కటిగా, కొంత వ్యవధి ఇచ్చి వేయడం అన్నిటికంటే మంచి మందు. ల్యాప్‌టాప్‌కే కాదు, మీ మోటార్లకూ మేలు చేస్తుంది.

డెస్క్‌టాప్ ఉన్న ఇరుగుపొరుగు అడిగితే మాత్రం ఈ సలహా చాలదు. డెస్క్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉండదు కాబట్టి ఆ సందులో అది రీస్టార్ట్ అవుతుంది. దుకాణాల్లో ఎక్కువగా అమ్మే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల వరకే మోయగలదు. గ్రాఫిక్స్ కార్డున్న యంత్రం, మానిటర్ కలిసి ఆట సమయంలో ఆ హద్దుకు దగ్గరగా వెళ్తాయి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే వీఏ అంకెను కాక, వాట్ల అంకెను చూసి కొనాలి.

ప్రశ్న: వాలొరాంట్ ఆడుతుంటే సాయంత్రాలు విపరీతమైన ల్యాగ్. ఎదుటి ఆటగాళ్లు ఒక చోట మాయమై ఇంకో చోట తేలుతున్నారు. ఎఫ్‌పీఎస్ మాత్రం 140 దగ్గర కదలకుండా ఉంది. కార్డు మార్చాలా?
— సింగరాయకొండ పాఠకుడు

జవాబు: వద్దు. ఇది ఫ్రేముల సమస్య కాదు, ఇంటర్నెట్ సమస్య. మీ యంత్రం బొమ్మలు సకాలంలోనే గీస్తోంది, ఎదుటివాళ్లు ఎక్కడున్నారన్న కబురే ఆలస్యంగా అందుతోంది. మీరు తల తిప్పినప్పుడు దృశ్యం నున్నగా తిరిగి, ఇతరులు మాత్రం గెంతుతుంటే తప్పు లైనుది. తల తిప్పినప్పుడు దృశ్యమంతా కుదిపితే తప్పు యంత్రానిది. ఆట సెట్టింగుల్లో పింగ్ (కబురు సర్వరుకు వెళ్లి రావడానికి పట్టే సమయం), ప్యాకెట్ లాస్ (దారిలో పోయిన కబుర్లు) గీతలను ఆన్ చేసి, సర్వరు ముంబై అని ఉందో లేదో చూడండి. రూటర్ నుంచి ల్యాన్ తీగ లాగి ఆడండి. స్లాబు దాటి పై అంతస్తుకు వచ్చే వైఫై మీద ఇలాంటి ఆటలు నిలకడగా నడవవు. తీగ పెట్టినా సాయంత్రాలే ఇబ్బంది ఉంటే, ఆ సమయాల పింగ్ అంకెలు రాసుకుని మీకు కనెక్షన్ ఇచ్చినవాళ్లకు చూపించండి.

ప్రశ్న: కొత్తగా వేసిన పెద్ద ఆటలో ఏ కొత్త ప్రాంతానికి వెళ్లినా, కొత్త ఆయుధం పేల్చినా ఒక్కసారి ఆగిపోతుంది. రెండోసారి అదే చోటికి వెళితే ఆగదు. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే బాగవుతుందన్నారు, చేశాక ఇంకా ఎక్కువైంది. కార్డులో 4 జీబీ మెమరీ ఉంది, ఆట పాత హార్డ్‌డిస్క్‌లో ఉంది.
— ఆత్మకూరు పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: మొదటిసారి ఆగి, రెండోసారి ఆగకపోవడానికి ముఖ్య కారణం షేడర్లు. వెలుగునీడలు, పొగ, నీటి మెరుపు ఎలా గీయాలో చెప్పే చిన్న ప్రోగ్రాములే షేడర్లు. ఆ ఆదేశాలను మీ కార్డుకు అర్థమయ్యే భాషలోకి ఆట ఆడుతున్నప్పుడే మార్చాల్సి వస్తే, ఆ మార్పు పూర్తయ్యేదాకా ఫ్రేము ఆగుతుంది. ఒకసారి మార్చినదాన్ని యంత్రం దాచుకుంటుంది కాబట్టి రెండోసారి ఆగదు. కొత్త డ్రైవర్ వేసినప్పుడు ఆ దాచినదంతా పనికిరాకుండా పోయి పని మొదటికి వస్తుంది. డ్రైవర్ వేశాక ఇబ్బంది పెరగడానికి కారణం ఇదే, డ్రైవర్ చెడ్డదై ఉండాల్సిన అవసరం లేదు. కొన్ని ఆటలు మొదలయ్యేటప్పుడే షేడర్లు సిద్ధం చేస్తున్నామని ఒక గీత చూపిస్తాయి. ఆ గీత నిండేవరకు, పది నిమిషాలు పట్టినా సరే, దాటవేయకుండా ఆగండి.

పాత హార్డ్‌డిస్క్ ఈ బాధను రెట్టింపు చేస్తుంది. కొత్త ప్రాంతపు సరుకంతా తిరిగే పళ్లెం మీద అక్కడక్కడా వెతికి తేవాలి. మంచి హార్డ్‌డిస్క్ కూడా వరసగా చదివితే సెకనుకు 150 ఎంబీ చుట్టుపక్కల ఇస్తుంది, చెల్లాచెదురుగా చదివితే అందులో కొద్ది వంతే. తిరిగే పళ్లెం లేని సాటా ఎస్‌ఎస్‌డీ 550 ఎంబీ వరకు ఇస్తుంది, వెతుకులాట సమయమూ దాదాపు ఉండదు. ఫ్యాన్లు, జాలీల వంటి చిన్నవాటిని పక్కన పెడితే, ఈ నెల ఉత్తరాలు రాసినవారిలో డబ్బు పెట్టి కొనమని నేను ధైర్యంగా చెప్పేది ఒంగోలు విద్యార్థికి రెండో ర్యామ్, మీకు ఎస్‌ఎస్‌డీ. పాత డిస్కును తీసేయనక్కర్లేదు. ఫొటోలు, సినిమాలు అందులో ఉంచి, విండోస్‌ను, ఆటను మాత్రం కొత్తదానిలోకి మార్చండి.

ఇక 4 జీబీ మెమరీ సంగతి. టెక్స్‌చర్ల (గోడలు, నేల వంటివాటి పైన అతికించే బొమ్మల) నాణ్యతను మీరు ‘అల్ట్రా’లో పెట్టి ఉంటే కార్డు మెమరీ నిండిపోయి, మిగిలిన సరుకు మామూలు ర్యామ్‌లో పడుతుంది, దాన్ని మదర్‌బోర్డు దారిలో మోసుకురావడానికి పట్టే సమయమే కుదుపుగా కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ పేజీ తెరిచి, డెడికేటెడ్ మెమరీ 4 జీబీ నిండి, షేర్డ్ మెమరీ పెరుగుతోందేమో చూడండి. పెరుగుతుంటే టెక్స్‌చర్లను మీడియంకు దించి, ఆటను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. తెరిచి ఉండగా మార్చితే కొన్ని ఆటలు పాత సరుకును వదలవు. నీడలు, దూరపు చెట్లు వంటి మిగతా సెట్టింగులను ఈ ఒక్క కారణానికి తగ్గించాల్సిన పని లేదు.